మన వీడ్కోలు పాట మనం రాసుకోలేమా?

మార్చి నెల వచ్చిందంటే మా హాస్టల్‌లో రెండు పనులు మొదలవుతాయి. ఒకటి పరీక్షలకు చదవడం, రెండోది ఫేర్‌వెల్‌కు చందాలు వసూలు చేయడం. రెండో పని మీదే శ్రద్ధ ఎక్కువని ఒప్పుకోవడానికి మేము సిగ్గుపడటం లేదు. ఆ సాయంత్రం భోజనాల హాలులో రంగు కాగితాలు కడతాం. సౌండు బాక్సులు అద్దెకు తెస్తాం. ఫైనలియర్ వాళ్ళకు దండలు వేస్తాం. ఆ తరువాత పాటలు. ముందు 'ప్రేమదేశం' (1996) లోని ముస్తఫా పాట, తరువాత 'హ్యాపీడేస్' (2007) పాటలు, ఆఖరున 'స్టూడెంట్ నెం.1' (2001) లోని వీడ్కోలు పాట. ఎన్ని బ్యాచ్‌లు మారినా ఈ వరుస మారలేదు. ఆఖరి పాట సగానికి వచ్చేసరికి అంతవరకు ఒకరినొకరు ఏడిపించుకున్న వాళ్ళు భుజాల మీద చేతులు వేసుకుని ఏడుస్తుంటారు.

ఆ పాట మంచి పాట. రాసింది చంద్రబోస్ గారు, బాణీ కట్టింది కీరవాణి గారు. 2023లో 'నాటు నాటు'కు ఆస్కార్ అందుకున్నది కూడా ఆ ఇద్దరే. ఆ సినిమాలో హీరో పగలు లా కాలేజీలో, రాత్రి జైల్లో ఉంటాడు. మన సంగతీ అంతేగదా అని మా జూనియర్లు నవ్వుతారు. (వార్డెన్ గారు మన్నించాలి.) అయితే మిత్రులారా, మేము ఇక్కడ అడగదలచుకున్నది వేరు. ఇన్నేళ్ళుగా మనం ఏడుస్తున్న ఈ పాటల్లో మన ఏడుపు ఉందా?

మాలో మైపాడు, ఇస్కపల్లి, కృష్ణపట్నం వైపు నుంచి వచ్చిన వాళ్ళున్నాం. మా నాయనలు రొయ్యల గుంటల మీద కాపలాకు పోతారు, కొందరు వేటకు పోతారు. మేము కాలేజీలో ఒక అమ్మాయిని ఇష్టపడితే ఏం జరుగుతుందో ఏ సినిమాలోనూ చూపించలేదు. సినిమాలో హీరో బీదవాడు, హీరోయిన్ తండ్రికి కారూ బంగళా ఉంటాయి. అడ్డం డబ్బే. కులం మాట ఎత్తరు. మాకు మాత్రం కథ ఒక్క ప్రశ్నతో అయిపోతుంది. నోట్సు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఆ అమ్మాయి మామూలుగానే "మీరు ఏ హాస్టల్?" అని అడుగుతుంది. హాస్టల్ పేరు చెబితే మిగతాదంతా చెప్పినట్లే. ఆమె మనసులో ఏమీ ఉండకపోవచ్చు. కానీ జవాబు చెప్పిన తరువాత మనమే రెండడుగులు వెనక్కు వేస్తాం. మూడేళ్ళూ ఆ రెండడుగులు అలాగే ఉంటాయి. చివరకు స్లామ్ బుక్ చేతికొస్తే "ఆల్ ది బెస్ట్" అని రాసి ఇచ్చేస్తాం. ఆమె కాదనలేదు, మనం అడగనే లేదు. దీనికి ఏ పాట పెట్టాలి?

ఇంకో రకం పాటలు చాలా ఉన్నాయి. అమ్మాయి వద్దన్నా వెంటపడి, విసిగించి, చివరకు ఔననిపించుకునే పాటలు. 'ఆర్య' (2004) వచ్చాక వన్ సైడ్ లవ్ అనే మాట పల్లెటూళ్ళ దాకా వచ్చింది. దేవిశ్రీ ప్రసాద్ పాటలకు మేమూ ఎగిరాం, కాదనం. కానీ అదే 2004లో విజయవాడలో ఒక విద్యార్థినిని ఒకడు తరగతి గదిలోనే చంపాడు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. ఇవి సినిమాలు చేయించినవని మేము అనడం లేదు. ఆమె ఇష్టపడకపోతే మర్యాదగా వెళ్ళిపోవడం ఎలాగో నేర్పే పాట మగపిల్లలకు దొరకలేదని మాత్రం అంటున్నాం.

దొరకలేదన్నామే గానీ, ఒకప్పుడు ఉండేది. 1964లో వచ్చిన ఆదుర్తి సుబ్బారావు గారి 'మూగమనసులు' చూడండి. గోపి పడవ నడిపేవాడు. జమీందారు గారి అమ్మాయి రాధను రోజూ గోదావరి దాటించి కాలేజీకి చేరుస్తాడు, రోజూ ఒక పువ్వు ఇస్తాడు. నోరు తెరిచి ఏమీ అడగడు. ఆ సినిమాలో ఎక్కువ పాటలు ఆత్రేయ గారివి. ఆత్రేయ గారు ఎక్కడివారో మనలో చాలామందికి తెలియదు. సూళ్ళూరుపేట దగ్గర మంగళంపాడులో 1921లో పుట్టారు, అంటే అప్పటి మన నెల్లూరు జిల్లాయే. 'మనసు కవి' అని పేరు తెచ్చుకున్న మనిషిని మన పక్కనే పెట్టుకుని, ఫేర్‌వెల్‌కు ఆయన పాట ఒక్కటీ పెట్టం. పాతదని జూనియర్లు ఒప్పుకోరు. అదీ నిజమే, బాక్సుల్లో కొట్టుకుంటే బాగుండే పాటలు కావవి.

ఈ మధ్య మాలో ఒకతను ఫోనులో వెతికి జపాన్ వాళ్ళ సంగతి చెప్పాడు. అక్కడ చదువుల ఏడాది మార్చిలో ముగుస్తుంది. వీడ్కోలుకు పాటలు రాయడం వాళ్ళకు పెద్ద ఆనవాయితీ. ఒక్క 1985లోనే 'చదువు ముగిసింది' అనే అర్థం వచ్చే ఒకే పేరుతో కొందరు గాయకులు వేరువేరు పాటలు పాడారట. అబ్బాయిల యూనిఫాం కోటుకు పై నుంచి రెండో గుండీ గుండెకు దగ్గరగా ఉంటుంది. ఇష్టపడిన అమ్మాయి ఆఖరి రోజున ఆ గుండీ అడిగి తీసుకుంటుంది. ఆ గుండీ మీద కూడా పాటలున్నాయి. గుండీ ఇస్తే ఇచ్చినట్లు, లేకపోతే లేదు. మరుసటి రోజు ఎవరి దారి వారిది.

వాళ్ళ పాత వీడ్కోలు పాట ఒకటి 1881 నాటిది. బాణీ స్కాట్లాండుది, పేరుకు అర్థం 'మిణుగురుల వెలుగు'. దీపానికి నూనె కొనలేని చైనా కుర్రవాడు మిణుగురులను పట్టి ఆ వెలుగులో చదువుకున్నాడనే కథ మీద పెట్టిన పేరు. కరెంటు పోయిన రాత్రి వరండాలో సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని చదివిన మాకు ఆ కుర్రవాడు బంధువులాగా అనిపించాడు.

మమ్మల్ని ఈ వ్యాసం రాయించింది మాత్రం ఇంకొక పాట. 1991లో సైతామా రాష్ట్రం చిచిబు అనే చోట ఒక మామూలు జూనియర్ హైస్కూలు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు మాటలు రాశాడు, సంగీతం టీచరమ్మ బాణీ కట్టింది. వెళ్ళిపోయే పిల్లల కోసం ఉపాధ్యాయులే నిలబడి పాడారు. ఆ పాట తరువాత దేశమంతా పాకి, ఇప్పుడు ఎన్నో బడుల్లో వీడ్కోలుకు దాన్నే పాడుతున్నారు. సినిమా వాళ్ళు కాదు, పెద్ద కవులు కాదు, బడి వాళ్ళు.

అందుకని ఈ ఏడాది మేమూ కూర్చున్నాం. నాలుగు రాత్రులు కూర్చున్నాం. బాణీ సులభంగానే దొరికింది. వల లాగేటప్పుడు మా ఊళ్ళలో పాడే వరుసను కొంచెం నిదానం చేస్తే వీడ్కోలుకు సరిపోయింది. మాటల్లో ట్రంకు పెట్టె వచ్చింది, పల్లెవెలుగు బస్సు వచ్చింది, నీళ్ళ సాంబారు వచ్చింది. వంటామె "యాడికి పోతుండావు నాయనా, అన్నం తిని పో" అని ఆఖరి రోజు అనే మాట కూడా వచ్చింది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న దగ్గర ఆగిపోయాం. దాన్ని పాటలో పెట్టాలని కొందరు, అంతమంది ముందు పాడలేమని కొందరు. ఫేర్‌వెల్‌కు ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ చరణం ఇంకా ఖాళీగానే ఉంది. చేయి కలపాలనుకునే వాళ్ళు రాత్రి భోజనాలయ్యాక మూడో నంబరు గదికి రండి.