వై కొట్టాలా, ఎన్ కొట్టాలా?

అశోక్ నగర్‌లో మా హాస్టల్ రూమ్‌లో ముగ్గురం ఉంటాం. మిగతా ఇద్దరిదీ గ్రూప్స్ ప్రిపరేషన్. పొద్దున చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోతే రాత్రికే రావడం. ఆ రోజు వాళ్లు వచ్చేసరికి నేను ల్యాప్‌టాప్ ముందు గోళ్లు కొరుక్కుంటున్నా. మన క్లబ్ పాత సంచికలున్న లైనక్స్ సర్వర్‌ని కొత్త వెర్షన్‌కి మారుస్తుంటే, సగంలో ఆగి ఒక ప్రశ్న అడిగింది. "ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగ్ ఫైల్‌ని మీరు మార్చారు. ప్యాకేజీతో కొత్తది వచ్చింది. ఏది ఉంచాలి?" కొత్తదైతే వై, పాతదైతే ఎన్, తేడా చూడాలంటే డి.

దాన్ని మార్చింది నేను కాదు, ఎప్పుడో పాసై వెళ్లిపోయిన సీనియర్ అన్న. ఎందుకు మార్చాడో ఎక్కడా రాయలేదు. డి కొడితే అన్నీ ప్లస్సులు, మైనస్సులే. వైఫై ఎప్పుడు పోతుందోనని కంగారు. కొత్తదే మంచిదేమోనని వై కొట్టేశా.

సైట్ తెరుచుకుంది. హమ్మయ్య అనుకున్నా. వారం తర్వాత కొత్త సంచిక పీడీఎఫ్ ఎక్కిద్దామంటే 413 ఎర్రర్! అన్న పెంచిపెట్టిన అప్‌లోడ్ పరిమితి పోయి, డిఫాల్ట్ 1 ఎంబీ వచ్చేసింది. ఆ ఒక్క లైన్ కోసం రాత్రంతా వెతికా. తీరా చూస్తే పాత ఫైల్ చివర "డీపీకేజీ-ఓల్డ్" తగిలించి, ఆ పక్కనే భద్రంగా దాచి ఉంది. ఆ మాటేదో ముందే చెప్పొచ్చుగా!

తప్పు నాది కూడా. తెలియనప్పుడు ఎన్ కొట్టాలి, డిఫాల్ట్ కూడా అదే. కానీ నా గొడవ ప్రశ్న అడిగినందుకు కాదు, అడిగిన టైమ్ గురించి. ప్రతి కాన్ఫిగ్ ఫైల్ చెక్‌సమ్ డీపీకేజీ దగ్గర ఉంటుంది. ప్యాకేజీలన్నీ ముందే డౌన్‌లోడ్ అయి ఉంటాయి. అలాంటప్పుడు ఏ ఫైళ్లకు పేచీ వస్తుందో మొదలుపెట్టే ముందే లిస్ట్ ఇవ్వొచ్చు. సగంలో అడగడమంటే, పరీక్ష హాల్లో కూర్చున్నాక సిలబస్ మారిందని చెప్పినట్టే.

ఒకసారి ఇలా దెబ్బ తిన్నవాడు ఇంకోసారి అప్‌గ్రేడ్ జోలికి పోడు. "నడుస్తోంది కదా, ముట్టుకోకు" అంటాడు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. 2017లో అపాచీ స్ట్రట్స్ లోపానికి మార్చిలోనే ప్యాచ్ వచ్చినా ఈక్విఫాక్స్ వేసుకోలేదు. మే నెల నుంచి హ్యాకర్లు దూరి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు లాగేశారు. వాళ్ల కారణాలు వేరు కావచ్చు. కానీ ప్యాచ్ వేయని సర్వర్ మనదైనా, వాళ్లదైనా తాళం వేయని ఇల్లే.

టూల్ మారేదాకా మనం చేయగలిగినవి మూడు. అప్‌గ్రేడ్‌కి ముందు స్నాప్‌షాట్ తీయడం. ఈటీసీ ఫోల్డర్‌ని గిట్‌లో పెట్టుకోవడం, దానికి ఈటీసీకీపర్ ఉంది. మూడోది, ఏ లైన్ మార్చినా ఎందుకు మార్చామో దాని పైనే రాయడం. తెలుగులో రాసినా ఏం కాదు, కామెంటే కదా! నేను రాసేశా. మన తర్వాత వచ్చే జూనియర్ ఏ కీ కొట్టాలో తెలియక రాత్రంతా కూర్చోకూడదు.