గృహయంత్రములు: ఏసీ చేయు చప్పుళ్లు

ఇంటి ఏసీ వింతగా మ్రోగినపుడు బెదరవలదు, ఉపేక్షింపనూ వలదు. చప్పుడును బట్టి దోషమును చాలవరకు గుర్తింపవచ్చును.

వేసినపుడును, ఆపినపుడును టక్కుటక్కుమనుట ప్లాస్టికు భాగములు ముడుచుకొని మరల సాగుటవలన కలుగును. అది దోషము కాదు. గాలి యీలవేయుచు మందగించినచో ఫిల్టరు దుమ్ముతో పూడియుండవచ్చును. హంద్రీతీరమందలి కోడుమూరు వంటి మెట్టసీమ యూళ్లలో వేసవిగాలి దుమ్మును మోసికొనివచ్చును. కావున రెండు వారముల కొకమారు స్విచ్చి ఆపి, ఫిల్టరును నీట కడిగి, నీడను ఆరబెట్టి అమర్పవలయును. లోపల నీరు గులగులలాడి గోడవెంట కారినచో నీటిగొట్టము పూడినదని తలపవలెను.

బయటిపెట్టె గడగడలాడుట మరలు వదులగుటవలన గాని, ఱెక్కలకు పుల్ల తగులుటవలన గాని కావచ్చును. అది తిరుగక గుయ్యిమని మూల్గినచో వెంటనే మెయిను ఆపి మెకానిక్కును పిలువుడు. మూత మీరు విప్పవలదు. అందలి కెపాసిటరు కరెంటు తీసిన పిదపను విద్యుత్తును నిలుపుకొనును, తాకిన ప్రాణాపాయము.

సన్నగా సిస్సుమనుచు చల్లదనము తగ్గినచో గ్యాసు కారుచుండవచ్చును. నేటి యేసీలలో వాడు ఆర్-32, ఆర్-290 వాయువులు అంటుకొనునవి. కిటికీలు తెఱచి, దీపమును అగ్గిపుల్లను దూరముంచుడు.

గ్యాసు దీపములోని నూనెవలె ఖర్చగునది కాదు. తగ్గినదన్న ఎచ్చటనో చిల్లి యున్నదని యర్థము. ఏటేట గ్యాసు నింపవలెనని యెవరైన చెప్పినచో, ముందుగా చిల్లి చూపుమని యడుగుడు. అది పూడ్పక నింపించుట చిల్లికుండకు నీరు మోయుటయే యని మా మనవి.