విహారయాత్రకు దూరదేశమేల?

పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదని మనలో నొక సామెత గలదు. ఎంత గుణము గల వేరైనను ఇంటివెనుక మొలచినదగుటచే దానికి విలువ కలుగదు. అదే వేరు పరదేశపు టంగడిలో కొన్నచో కన్నుల కద్దుకొందుము. శీతకాలము రాగానే పాఠశాలలలో విహారయాత్రను గూర్చి జరుగు చర్చ విన్నప్పుడెల్ల మాకీ సామెత జ్ఞప్తికి వచ్చుచుండును. హైదరాబాదు పోవుదమని కొందరు, ఉదకమండలము పోవుదమని కొందరు, విశాఖపట్టణము పోయి సముద్రము చూతమని మరికొందరు పట్టుపట్టుదురు. పిడుగురాళ్ల చుట్టుపట్ల చూడదగిన దేమున్నదని యడిగినచో, "సున్నపు బట్టీలు, మిరపచేలు, ఎండ" యని నవ్వుచు ప్రత్యుత్తర మిత్తురు.

ఈ ప్రత్యుత్తరము సరియైనది కాదని మా యభిప్రాయము. ఇంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. దూరయాత్రకు రుసుము హెచ్చు. దానిని చెల్లింపగలవారు బస్సెక్కుదురు. బట్టీలయొద్ద రాయి మోయువారి బిడ్డలును, మిరపకోతలకు పోవు కూలీల బిడ్డలును ఇంటనే యుందురు. పోయినవారు తిరిగివచ్చి పదిదినములు తమ యాత్రా విశేషములను ముచ్చటించుకొందురు. పోనివారు ప్రక్కబల్లపై కూర్చుండి మౌనముగా విందురు. ఒక తరగతిని రెండుగా చీల్చునట్టి యాత్ర విద్యలో భాగమని యెట్లు చెప్పగలము? కావున పాఠశాల జరుపు యాత్రకు రెండు నియమము లుండవలెనని మేము కోరుచున్నాము. ఉదయమున బయలుదేరి చీకటి పడక పూర్వము తిరిగి రాదగిన చోటికే పోవలెను. పోయినచో తరగతి యంతయు పోవలెను. అట్టి చోట్లు మనకు కృష్ణాతీరమునను, కృష్ణలో కలియు ఏళ్ల గట్లమీదను కొల్లలుగా నున్నవని చూపుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట మన యూరినే చూతము. ప్రతిదినము మన కాళ్లక్రింద నలుగు సున్నపురాయి, మనుష్యుడు పుట్టుటకు కోట్లకొలది సంవత్సరములకు పూర్వము ఇచ్చట నుండిన సముద్రము నడుగున పొరలు పొరలుగా పేరుకొనినది. ఆ రాయి బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడిమికి కాలినప్పుడు బొగ్గుపులుసు వాయువు పైకిపోయి సున్నము మిగులును. శుద్ధమైన రాయి 100 పాళ్లు కాల్చిన 56 పాళ్లు సున్నము వచ్చును. తక్కిన 44 పాళ్లు గాలిలో కలిసిపోవును. ఆ సున్నముపై నీరు చల్లగానే బుసబుస పొంగి వేడి పుట్టును. పుస్తకములో వల్లెవేసిన సమీకరణము బట్టీయొద్ద గంటసేపు నిలిచి చూచిన బాలునకు మరల మరపునకు రాదు. అచ్చట పనిచేయు కూలివాడే ఆ దినమున మనకు ఉపాధ్యాయుడు. అతని కుమారుడు మన తరగతిలో నున్నయెడల, ఆనాడు వానికి కలుగు గౌరవ మింతింత యనరాదు.

ఈ రాతి చరిత్రము బట్టీతో ముగియదు. అమరావతీ మహాస్తూపమున కలంకారములైన శిల్పఫలకములు ఈ పల్నాటి సున్నపురాతితోనే చెక్కబడినవి. 1797వ సంవత్సరమున కాలిన్ మెకంజీ దొర అమరావతికి వచ్చునప్పటికి రాజా వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారు అచ్చట క్రొత్త పట్టణమును నిర్మింపించుచుండిరి. దిబ్బనుండి ఇటుకలును, రాళ్లును త్రవ్వి కట్టడములకు కొనిపోవుచుండిరి. 1816లో మెకంజీ తిరిగి వచ్చి చూడగా దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడి యుండెను. ఎన్నియో ఫలకములు సున్నము కొరకు కాల్చబడినవి. మిగిలినవానిలో కొన్ని మదరాసు మ్యూజియములోను, కొన్ని 1880 మొదలు లండనులోని బ్రిటిష్ మ్యూజియములోను నున్నవి. శిల్పమును చెక్కినవారును, దానిని బట్టీలో వేసినవారును ఈ దేశమువారే. మొదటివారు దాని నెరిగినవారు; రెండవవారికి దాని నెరిగించినవారు లేకపోయిరి. ఎరుగని సొత్తును ఎవ్వరును కాపాడరు. పిల్లలను చుట్టుపట్ల త్రిప్పి చూపుట వినోదముకొరకు మాత్రమే యని తలచువా రీ యొక్క సంగతిని ఆలోచింపవలెను.

ఇట్లు నష్టమైనది రాయి యొక్కటియే కాదు; ఊళ్లును గలవు. మనకు తూర్పుగా బెల్లంకొండ సీమలో కృష్ణ యొడ్డున కోళ్ళూరను గ్రామ ముండెను. 17వ శతాబ్దమున టావెర్నియే యను ఫ్రెంచి వర్తకు డచ్చటి వజ్రపు గనులను చూచి, అరువదివేలమంది పనిచేయుచుండిరనియు, పురుషులు త్రవ్వగా స్త్రీలును పిల్లలును మన్ను మోయుచుండిరనియు వ్రాసెను. కోహినూరు వజ్ర మచ్చటనే దొరకెనని పలువురి నమ్మకము. నేడా గ్రామమును చూడబోయినచో నీరు తప్ప మరేమియు కనబడదు. 2013లో పులిచింతల యానకట్ట పూర్తియై దాని జలాశయములో కోళ్ళూరు మునిగినది. వజ్రము సముద్రములు దాటిపోయెను. దానిని కన్న యూరు నీటి యడుగున నున్నది. ఊరు విడిచిపోయినవారిలో పెద్దలు జీవించియుండగనే వారి నోట ఆ యూరి కథను విని వ్రాసికొనుట మన విద్యార్థులు చేయదగిన గొప్ప పని.

పులిచింతల యానకట్టయు చూడదగినదే. డాక్టరు కానూరి లక్ష్మణరావుగారి పేరు పెట్టబడిన యీ జలాశయములో 45.77 శతకోటి ఘనపుటడుగుల నీరు నిలుచును. కృష్ణా డెల్టా పంటలకు వేళకు నీ రందించుటకై దీనిని కట్టిరి. 2021 ఆగస్టు 5వ తేదీన దీని 16వ తలుపు ప్రవాహమునకు కొట్టుకొనిపోగా, అచ్చట అడ్డు నిలుపుటకై జలాశయములోని నీటిని చాలవరకు విడిచిపెట్టవలసి వచ్చెను. నీటి బరువన నేమో గణితములో చదివినవారు ఆ తలుపుల యెదుట నిలిచినప్పుడు దానిని కన్నులార చూడగలరు.

కృష్ణను విడిచి ఇక నాగులేటి గట్టున కారెంపూడికి పోవుదము. కోడిపందెముతో రాజుకొని 12వ శతాబ్దమున పల్నాటి వీరుల రక్తముతో చల్లారిన కలహమున కదియే రణభూమి. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, బాలచంద్రుడు అను పేర్లు మన పిల్లలు తల్లుల యొడిలోనే విందురు; గురజాలయు, మాచర్లయు ఆ కథలోని రాజధానులు. నేటికిని కార్తికమాసపు అమావాస్య మొదలు అయిదు దినములు కారెంపూడిలో వీరుల యుత్సవము జరుగును. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యా దినములకు పేర్లు. మందపోరునాడు బ్రహ్మనాయుని చాపకూడును స్మరించి అన్ని కులములవారు కలిసి భుజింతురు. జాతి భేదము లేక అందరిని ఒక్క చాపమీద కూర్చుండబెట్టి యన్నము పెట్టించెననియు, కన్నమదాసును కుమారునిగా నెంచి సేనకు నాయకుని చేసెననియు బ్రహ్మనాయుని గూర్చి చెప్పుదురు. రుసుము చెల్లింపలేనివానిని ఇంట విడిచి కారెంపూడికి పోయి, చాపకూటి కథ చెప్పించుకొని వచ్చిన తరగతి యేమి నేర్చుకొన్నట్లు? అందరు పోయి, ఇండ్లనుండి తెచ్చుకొన్న అన్నమును నాగులేటి గట్టున ఒక్క చాపమీద పంచుకొని తినివచ్చిననాడే ఆ యాత్ర సఫలమగును.

ఇదే సీమలో గుత్తికొండ బిలము గలదు. వానచినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత గ్రహించి సున్నపురాతి సందులలో దిగి, యుగములకొలది ఆ రాతిని కరగించుచు గుహలను తొలచును. బట్టీ క్షణములలో చేయు పనిని నీరు నిదానముగా చేయుచున్నదని బిలములో నిలిచి చెప్పినచో విద్యార్థికి పాఠము పూర్తియగును. లోపల చీకటియు, నీటి మడుగులును గలవు. దారి నెరిగిన పెద్దలు లేక పోరాదు.

పడమటికి పోగోరువారికి రైలు సాధనము గలదు. పిడుగురాళ్లనుండి నడికుడి మీదుగా మాచర్ల చేరవచ్చును. అచ్చటినుండి సాగరమునకు పోవు బాటలోనే యెత్తిపోతల గలదు. చంద్రవంక నీరు సుమారు 70 అడుగుల యెత్తునుండి దుమికి, పిమ్మట కృష్ణను చేరును. ఆ పైని నాగార్జునకొండ. ఇక్ష్వాకు రాజుల విజయపురి యచ్చటి లోయలో నుండెను. 1926లో దాని యవశేషములు వెలుగునకు వచ్చెను. సాగరము కట్ట నిశ్చయింపగా, నీరు రాకమునుపే 1954 మొదలు 1960 వరకు లోయ యంతయు త్రవ్వి చూచి, ముఖ్యమైన కట్టడములను రాయి రాయిగా నెత్తి కొండమీదను అనుపు వద్దను తిరిగి నిలిపిరి. 1967లో కాలువలకు నీరు విడువబడెను. లోయ మునిగినను దాని జ్ఞాపకము మునుగలేదు. అమరావతిలో జరుగని మే లిచ్చట జరిగినది. ఏలయన, ఇచ్చట ముందుగా చూచినవారును, విలువ కట్టినవారును ఉండిరి. కొండమీది మ్యూజియము శుక్రవారము మూసియుండును గనుక యాత్ర కా దినము నేర్పరచుకొనరాదు.

ఉత్తరపు దిక్కున పొందుగల వంతెన దాటినంతనే వాడపల్లి. అచ్చట మూసీ కృష్ణలో కలియును. సంగమమున అగస్త్యేశ్వరుని గుడియు, నరసింహుని గుడియు గలవు. హైదరాబాదు నగరపు మురుగును మోసికొని వచ్చు మూసీ కృష్ణలో కలియుట చూచిన బాలుడు, ఒక యూరివారు పారవేసినది మరియొక యూరివారి కుండలోనికి వచ్చునని యెరుగును.

దూరదేశములు చూడరాదని మేము చెప్పుటలేదు. వయస్సు వచ్చిన పిమ్మట, ఆర్జనకు తగినట్లు, ఎవరికి వారు సముద్రములనైనను దాటవచ్చును. పాఠశాల పేరున జరుగు యాత్ర మాత్రము అందరికి నందవలెను. ఎండను గూర్చిన యాక్షేపణ న్యాయమైనదే. రెంటచింతల యెండ తెలుగుదేశమంతటికి తెలిసినది. కావున యాత్రలు కార్తిక మాఘముల నడుమనే ముగియవలెను. మాఘమున మిరప కల్లములు ఎఱ్ఱగా పరచియుండుటచే బాటలుగూడ కన్నులపండువుగా నుండును.

నీటి భయము మరింత న్యాయమైనది. 2017 నవంబరులో విజయవాడకు చేరువనున్న పవిత్రసంగమము వద్ద పడవ మునిగి ఇరువదిమందికి పైగా మరణించిరి. మోయదగిన దానికంటె నెక్కువమంది నెక్కించుకొనిన పడవ యది. కావున ఎంతటి తొందరయైనను నిండిన లాంచిలో పిల్లల నెక్కింపరాదు. ప్రాణరక్షక కవచము లేక యే బిడ్డయు పడవలో కాలు పెట్టరాదు. ఆనకట్ట దిగువ నీరు ఏ నిమిషమున హెచ్చునో గట్టున నిలిచినవారికి తెలియదు గనుక స్నానముల నియమము ఒక్కటే: దిగరాదు. పదిమంది పిల్లల కొక పెద్ద చొప్పున వెంటనుండి, బయలుదేరునప్పుడును, తిరుగునప్పుడును పేరుపేరున లెక్కింపవలెను.

మా సూచన యిది. ఆరవ తరగతివారు మన బట్టీలను, రాతి గనులను చూడవలెను. ఏడవ తరగతివారు కారెంపూడిని. ఎనిమిదవ తరగతివారు గుత్తికొండను. తొమ్మిదవ తరగతివారు పులిచింతలను గాని వాడపల్లిని గాని. పదవ తరగతివారు నాగార్జునకొండను గాని అమరావతిని గాని చూడవలెను. అయిదు సంవత్సరములు మన పాఠశాలలో చదివిన ప్రతి బాలుడును, ప్రతి బాలికయు తన దేశమును కన్నులతో చదివినవారై బయటికి పోవుదురు. బండి ఖర్చు చెల్లింపలేనివారి పాలును పూర్వ విద్యార్థులు భరింపవలెనని వారిని వేడుకొనుచున్నాము. దూరయాత్రకు ఒక్కరికగు వ్యయముతో ఇట్టి యాత్రకు పలువురు పోవచ్చును. పోయివచ్చిన ప్రతి తరగతియు తాను చూచినదానిని గూర్చి యీ పత్రికకు రెండు పుటలు వ్రాయవలెను.

విద్యార్థులారా! రాబోవు సంచికలో ఆ పుటల కొరకు మేము చోటు విడిచి యెదురుచూచుచుందుము. మీ తరగతి పుటలో తరగతి యందరి పేర్లును ఉండవలెను. ఒక్క పేరు తగ్గినను ఆ యాత్ర పూర్తి కాలేదని యెరుగుడు.