పెరటి తలుపు కదిపిందెవరు?

పిల్లలూ! తెనాలిలో ఒక రాత్రి ఎవరో ఒక ఇంటి పెరటి గడియ కదిపారనుకోండి. "పిల్లి కాబోలు" అనుకుని ఇంటివారు మళ్ళీ పడుకుంటారు. ఆ రాత్రే బాపట్లలోనూ, రేపల్లెలోనూ పెరటి గడియలు కదిలాయి. అక్కడా పిల్లే! కాని తెల్లవారి ఈ మూడు కబుర్లూ ఒకచోట చేరితే? మూడు ఊళ్ళ పిల్లులకూ ఒకేసారి పెరటి తలుపు మీదనే బుద్ధి పుట్టిందా?

కంప్యూటర్లకూ తలుపులుంటాయి. వాటికి అంకెలే గుర్తు. ఎవరు ఏ తలుపు తట్టారో కాపలా ప్రోగ్రాము చిట్టా రాస్తుంది. 2000లో డీషీల్డ్ అనే ఏర్పాటు వచ్చింది. ఎవరైనా తమ చిట్టా దానికి పంపవచ్చు. మొత్తం లెక్క ఎవరైనా చూడవచ్చు. 2001 మార్చి 22న 53వ తలుపు దగ్గర తాకిడి హఠాత్తుగా పెరిగింది. కొద్ది గంటల్లోనే నిపుణులు 'లయన్' అనే పురుగును పట్టుకున్నారు. ఒక కంప్యూటరు నుంచి మరొక దానికి తనంతట తానే పాకే ప్రోగ్రామును పురుగంటారు లెండి.

2017 మే 12న 'వన్నాక్రై' పురుగు 445వ తలుపున దూరి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగింది. మన రాష్ట్ర పోలీసుల కంప్యూటర్లు కొన్ని, గుంటూరు జిల్లావి కూడా, దాని పాలబడ్డాయి. అప్పుడీ మూడు ఊళ్ళూ ఆ జిల్లావే. దొంగలను పట్టేవారి పెట్టెకే తాళం! ఆ తలుపుకు మరమ్మతును మైక్రోసాఫ్టు మార్చి 14నే ఇచ్చింది. దాన్ని బద్దలుకొట్టే ఉపాయం ఏప్రిల్ 14న బహిరంగంగా బయటపడింది. ఆపైన నాలుగు వారాల గడువుంది!

అన్నట్టు, గాలికి కూడా మూడు ఊళ్ళ తలుపులు కదలవచ్చు గదా? గాలినీ, దొంగనూ చిట్టా చూసి ఎలా వేరుచేస్తారు? ఆలోచించి ఉంచండి, వచ్చే నెల చూద్దాం.