మౌలాలి గుట్టకు మెట్లే కాదు, వయసూ ఉంది

వారాంతం వస్తే ఉప్పల్, నాచారం కుర్రకారు బైకులు అనంతగిరి వైపో, భువనగిరి వైపో తిరుగుతాయి. భువనగిరిని తప్పుపట్టేదేమీ లేదు. ఎవరెస్టు ఎక్కకముందు మాలావత్ పూర్ణ బండలెక్కడం నేర్చుకున్నది అక్కడే. 2014 మే 25న శిఖరం చేరేనాటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు నిండలేదు. కాకపోతే అంత దూరం పెట్రోలు కాల్చేవాళ్లలో చాలామంది పక్కనే ఉన్న మౌలాలి గుట్టను రోజూ చూస్తూ కూడా ఎక్కి ఉండరు. మొక్కు ఉన్నవాళ్లకే ఆ గుట్ట అన్నట్టు వదిలేశారు.

ఎక్కుడు చిన్నదే, కానీ నిటారు. మెట్లు ఐదు వందలకు కాస్త తక్కువ. సగం దాటేసరికి పిక్కలు పట్టేస్తాయి, మాటలు తగ్గిపోతాయి. పైకి చేరితే ఒకవైపు రైల్వే పట్టాలు, ఇంకోవైపు నాచారం పారిశ్రామికవాడ షెడ్లు, చుట్టూ ఖాళీ లేకుండా మల్కాజిగిరి డాబాలు.

ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో యాఖూత్ అనే ఆస్థాన సేవకుడికి హజ్రత్ అలీ ఈ గుట్ట మీద ఉన్నట్టు కల వచ్చిందనీ, వెళ్లి చూస్తే రాతి మీద చేతి గుర్తు కనిపించిందనీ ఐతిహ్యం. దర్గా వెలిసింది అలాగే. ఏటా రజబ్ 17న ఉర్సు జరుగుతుంది. గుట్ట పాదాన మహ్‌లఖా బాయి చందా సమాధి ఉంది. ఉర్దూలో కవిత్వం రాసింది, నిజాం దర్బారులో నర్తించింది, ఆయన వెంట యుద్ధాలకూ వెళ్లింది. తల్లి రాజ్ కన్వర్ కోసం 1792లో తాను కట్టించిన చోటే 1824లో ఆమెనూ ఖననం చేశారు. 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సాయంతో ఆ ప్రాంగణాన్ని బాగుచేశారు. మంచిదే. సమాధికి సాయం సముద్రాలు దాటి వచ్చింది. దాని వెనక నిలబడ్డ రాతి సంగతి మాత్రం ఊళ్లోవాళ్లకే పట్టలేదు.

ఆ రాతి కథ కుతుబ్‌షాహీలతో మొదలైంది కాదు. బోడిగా, గుండ్రంగా లేచిన ఆకారం చూస్తే చల్లారిన అగ్నిపర్వతమేమో అనిపిస్తుంది. పుట్టుక నిప్పులోనే, కానీ అది ఎన్నడూ పేలలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట, భూమి లోపల కిలోమీటర్ల లోతున, శిలాద్రవం బయటికి దారి దొరక్క అక్కడికక్కడే గడ్డకట్టింది. తీరిగ్గా చల్లారింది కనుకనే గులాబీ ఫెల్డ్‌స్పార్, తెల్లటి క్వార్ట్జ్, నల్లటి అభ్రకం పలుకులు విడివిడిగా కంటికి కనిపించేంత పెరిగాయి. లావా పైకి పొంగి గబగబా ఆరిపోతే పలుకులు అంతగా పెరగవు. జహీరాబాద్ వైపు తగిలే దక్కన్ నల్లరాయి అలాంటిది; దాని వయసు ఆరున్నర కోట్ల ఏళ్లే, అంటే మౌలాలి బండ ముందు నిన్నటి పిల్ల. మీద ఉన్న నేలంతా వానకూ గాలికీ అరిగి కొట్టుకుపోయాక, బరువు తగ్గిన బండ ఉల్లిపాయలా పొరలు విచ్చుకుంది. బీటల్లోకి నీరు దిగి మూలలు తినేసిన చోట గుండ్లు మిగిలాయి.

నిజంగా అగ్నిపర్వతం అయిన చిన్న గుట్ట ఒకటి స్కాట్లాండులో ఉంది. ఎడిన్‌బరో నగరం మధ్యన 251 మీటర్ల ఆర్థర్స్ సీట్, వయసు 34 కోట్ల ఏళ్లు. దాని పక్కనే ఉన్న శాలిస్‌బరీ క్రాగ్స్‌ను ఒకప్పుడు రోడ్ల రాయి కోసం తవ్వి అమ్ముకున్నారు. ఊరివాళ్లు కోర్టుకెక్కారు. 1831లో ప్రభువుల సభ తీర్పుతో ఆ తవ్వకం ఆగింది. భూగర్భశాస్త్రానికి పునాది వేసిన జేమ్స్ హట్టన్ అధ్యయనం చేసిన రాతి ముఖం ఈనాటికీ అక్కడ చూడొచ్చు. చదువుకోవడానికి వెళ్లిన మన పిల్లలు ఆ గుట్టెక్కి ఫొటోలు పంపిస్తే ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. అంతకు ఏడు రెట్ల వయసున్న బండ ఇంటి వెనకే ఉంది.

మనవాళ్లు ప్రయత్నించలేదని కాదు. 1996లో మొదలైన ‘సొసైటీ టు సేవ్ రాక్స్’ హైదరాబాద్ రాళ్ల కోసం గట్టిగానే పోరాడింది. నగరాభివృద్ధి సంస్థ హుడా పెట్టిన నిబంధన 13 కింద తొమ్మిది రాతి అమరికలకు వారసత్వ హోదా దక్కింది. మౌలాలి దగ్గరి సెంటినెల్ రాక్ వాటిలో ఒకటి. 2015లో ఆ నిబంధననే రద్దు చేశారు. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చినా, కట్టడాన్ని చూసినంత శ్రద్ధగా కొండను చూసే అలవాటు మన యంత్రాంగానికి ఇంకా రాలేదు. దర్గాకు, కమానుకు, సమాధికి చరిత్ర ఉందంటే వెంటనే ఒప్పుకుంటాం. బండ అనేసరికి అడ్డంగానో, కంకరగానో కనిపిస్తుంది.

చిత్రమేమిటంటే, దేశంలో భూమి గురించి బాగా తెలిసినవాళ్లు ఈ గుట్టకు ఇరుగుపొరుగే. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుంచి ఉంది, అదీ ఉప్పల్ రోడ్డులోనే. పటాలు గీసే సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయం ఉప్పల్‌లో ఉంది. ఈ రెండూ నగరపాలక సంస్థతో, దర్గా పెద్దలతో కూర్చుని మాట్లాడుకుంటే మెట్ల పక్కన తెలుగు, ఉర్దూల్లో నాలుగు పలకలు పెట్టడం ఎంత పని? ఈ పొర ఎందుకు విచ్చుకుంది, ఆ గుండు ఎలా నిలబడింది అని రాస్తే చాలు. దాంతోపాటు గుట్ట పాదం చుట్టూ కొత్త కట్టడాలు రాకుండా హద్దు గీయాలి. ముందు చేయాల్సింది ఇదే, ఎందుకంటే పలక ఎప్పుడైనా పెట్టొచ్చు, పగలగొట్టిన బండను అతికించలేం.

జనం ఎగబడితే దర్గా ప్రశాంతత పోతుందన్న భయం సబబైనదే. అందుకే రోప్‌వే, లేజర్ షో, సెల్ఫీ పాయింటు లాంటి హంగులు ఇక్కడ వద్దు. కావాల్సింది నీళ్ల కుళాయి, చెత్తబుట్ట, వారానికో బడి పిల్లల జట్టు. వేసవిలో పొద్దెక్కితే బండ అరికాళ్లను కాల్చేస్తుంది గనుక నవంబరు, ఫిబ్రవరి మధ్య పొద్దున్నే వాళ్లను తీసుకెళ్లాలి. ఆ రోజుల్లో ఉర్సు పడితే ఆ వారం గుట్టను భక్తులకే వదిలేయాలి.