చీటీ రాసినంక ఎనిమిది నిమిషాలు

బండి ఆపే అధికారం వేరు, బండి సోదా చేసే అధికారం వేరు. ఈ రెండింటినీ ఒక్కటిగా చూపెట్టడమే పోలీసు రాజ్యం చేసే పని. కాయితాల కోసం ఆపుతారు. కాయితాలు సరిగ్గానే ఉంటాయి. అయినా పోనియ్యరు. దిగమంటారు, డిక్కీ తెరవమంటారు, సంచి విప్పమంటారు. ఎందుకు సార్ అని అడిగితే అడిగినందుకే కోపం. మన వాడల పిల్లలకు ఈ సంగతి ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసు. అమెరికాలో నల్లవాళ్లకు ఇది తరాలుగా తెలుసు. అక్కడి పెద్ద కోర్టు దీని మీద ఒక గీత గీసింది. ఆ గీత ఎక్కడ పడిందో, ఎక్కడ చెరిగిందో మనవాళ్లకు తెలియాలని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నం.

2012 మార్చి 27, అర్ధరాత్రి దాటిన వేళ. నెబ్రాస్కా రాష్ట్రంలో ఒక కారు రోడ్డు అంచు మీదికి పోయి మళ్లీ లోపలికి వచ్చింది. అక్కడి చట్టం ప్రకారం అదొక చిన్న తప్పు. పోలీసు ఆపాడు. బండి నడిపేవాడి పేరు రోడ్రిగెజ్. లైసెన్సు చూశాడు, బండి కాయితాలు చూశాడు, పక్క సీటువాణ్ణీ ప్రశ్నలడిగాడు, హెచ్చరిక చీటీ రాసి చేతిలో పెట్టాడు. పని అయిపోయింది. అప్పుడు మొదలుపెట్టాడు అసలు పని. నా కుక్కను నీ బండి చుట్టూ తిప్పుతానన్నాడు. రోడ్రిగెజ్ వద్దన్నాడు. అయినా దించి నిలబెట్టి, ఇంకో పోలీసు వచ్చినంక కుక్కను తిప్పాడు. చీటీ ఇచ్చిన ఏడెనిమిది నిమిషాలకు కుక్క పసిగట్టింది. మత్తుమందు దొరికింది. ఐదేళ్ల జైలు శిక్ష పడింది.

దొరికింది గదా, ఇంకేం మాట్లాడతారు అని కొందరు అడుగుతారు. మేం చెప్పేది ఒక్కటే. దొరికినోడి కేసే కోర్టుకు పోతుంది. ఏమీ దొరకనోడు బట్టలు దులుపుకొని ఇంటికి పోతాడు. వాడి ఎనిమిది నిమిషాలు ఏ రికార్డులోనూ ఎక్కవు. దొరికిన దానితో సోదా న్యాయమైపోతే ఇక ఆపనక్కర్లేని బండి, విప్పనక్కర్లేని సంచి ఉండవు.

కింది కోర్టులు, ఏడెనిమిది నిమిషాలేగా, పెద్ద నష్టం ఏముందన్నాయి. సుప్రీంకోర్టు 2015 ఏప్రిల్ 21న ఆ మాటను కొట్టేసింది. ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపు. తీర్పు రాసింది జస్టిస్ రూత్ బేడర్ గిన్స్‌బర్గ్. దాని సారం ఇది: రోడ్డు తప్పు కోసం ఆపితే లైసెన్సు, రిజిస్ట్రేషను, ఇన్సూరెన్సు, వారంటు ఉందా లేదా చూడొచ్చు, చీటీ రాయొచ్చు. ఆ పని ముగియగానే, ముగియాల్సిన టైము రాగానే, ఆపే అధికారం కూడా ముగుస్తుంది. నేరం మీద సరైన అనుమానం లేకుండా కుక్క కోసం ఇంకొంచెం సేపు నిలబెట్టడం రాజ్యాంగం నాలుగో సవరణకు విరుద్ధం. కొంచెం సేపే అన్న సాకు కూడా చెల్లదు.

గొప్ప తీర్పే. కానీ తీర్పు చూసి మురిసిపోతే మోసపోతాం. దాని చుట్టూ ఉన్న కంతలు చూడండి. ఆపడానికి చిన్న తప్పు ఒకటి దొరికితే చాలు, పోలీసు మనసులో ఏమున్నా మాకు పట్టదని అదే కోర్టు 1996లో చెప్పింది. వద్దనే హక్కు నీకుందని పోలీసు చెప్పక్కర్లేదని 1973లోనే చెప్పింది. చీటీ రాసేలోపే కుక్కను తిప్పితే తప్పు లేదని 2005లో చెప్పింది. ఇక ఆ రోడ్రిగెజ్ సంగతి? కేసు కిందికి తిరిగిపోయింది. పోలీసు అప్పటి చట్టాన్ని నమ్మి చేశాడు గనుక శిక్ష ఉంటుందని కింది కోర్టు అదే ఏడాది తేల్చింది. హక్కు గెలిచింది, మనిషి ఓడిపోయాడు.

ఈ తీర్పుకు 17 రోజుల ముందు, ఏప్రిల్ 4న, సౌత్ కరోలినాలో బ్రేకు లైటు వెలగలేదని వాల్టర్ స్కాట్ అనే నల్లమనిషి కారు ఆపారు. పారిపోతుంటే పోలీసు వెనక నుంచి కాల్చి చంపాడు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్లు దాదాపు 10 కోట్ల ట్రాఫిక్ ఆపుడుల రికార్డులు పరిశీలించి 2020లో ఫలితాలు అచ్చువేశారు. తెల్లవాళ్ల కంటే నల్లవాళ్ల, హిస్పానిక్ వాళ్ల బండ్లను తక్కువ అనుమానానికే సోదా చేస్తున్నారని తేలింది. చీకటి పడి డ్రైవరు రంగు కనపడనప్పుడు ఆపుతున్నవాళ్లలో నల్లవాళ్ల వంతు తగ్గిందని కూడా తేలింది. అనుమానం కళ్లకు కనపడే రంగులోంచి పుడుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం కావాలా?

మన దగ్గర అనుమానం కులంలోంచి పుట్టింది. 1871 నేరస్త తెగల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. ఎరుకల, యానాది బిడ్డలు ఠాణాలో హాజరు పలికి బతికారు. 1952లో ఆ చట్టం పోయింది. చూపు పోలేదు.

మన చట్టంలో కూడా గీతలున్నాయి. 1988 మోటారు వాహనాల చట్టం 130వ సెక్షను కింద యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు చూపించాలి. లైసెన్సు చూపించడమంటే సంచి అప్పగించడం కాదు. మత్తుమందు చట్టం (1985) కింద ఒంటిని సోదా చేసేముందు గెజిటెడ్ ఆఫీసరు గానీ మెజిస్ట్రేటు గానీ ముందు చేయించుకునే హక్కు ఉందని నీకు చెప్పాలి. 2024 జూలై 1 నుంచి అమలైన కొత్త నేర విచారణ చట్టం 105వ సెక్షను సోదాను వీడియో తీయాలంటోంది. అయితే పెద్ద కంత ఒకటుంది. సోదా అక్రమమైనా దొరికిన వస్తువు సాక్ష్యంగా పనికొస్తుందని మన సుప్రీంకోర్టు 1973లో పూరన్‌మల్ కేసులో తేల్చింది. అంటే గీత దాటిన పోలీసుకు పోయేదేమీ లేదు. అందుకే గీత కాగితం మీదనే ఉండిపోతోంది.

మేం అడిగేది మూడు. ఆపిన టైము, పోనిచ్చిన టైము చీటీ మీద రాయాలి. కాయితాలు చూసినంక ఆపితే కారణం రాసివ్వాలి. వద్దనే హక్కు ఉన్నచోట ఆ మాట నోటితో చెప్పాలి. వీటికి పైసా ఖర్చు లేదు.

1966లో ఓక్లాండులో పుట్టిన బ్లాక్ పాంథర్లు పోలీసు ఎవరినన్నా ఆపితే తగినంత దూరంలో నిలబడి చట్టం చదివి వినిపించేవారు. ఒక చేత తుపాకీ, ఒక చేత చట్టం పుస్తకం. 1972లో బొంబాయిలో మనవాళ్లు దళిత పాంథర్ అని పేరు పెట్టుకున్నది వాళ్లను చూసే. తుపాకీ మనకొద్దు. పుస్తకం తీసుకుందాం. ప్రతి వాడలో చదువుకున్నోళ్లు ఇద్దరు ఈ సెక్షన్లు నేర్చి, బండి నడిపే పిల్లలను కూర్చోబెట్టి చెప్పండి. కొట్లాటకు దిగొద్దు, పరిగెత్తొద్దు. టైము చూసుకోండి, పేరు నంబరు గుర్తుపెట్టుకోండి, ఎందుకు సార్ అని మర్యాదగానే అడగండి. ఒక్కడడిగితే పొగరంటారు. ఊరంతా అడిగితే జవాబు చెప్పాల్సొస్తుంది.