తీగ చివరి యిల్లు

ఒక యూరికి సాగునీరు సరిగా అందుచున్నదా లేదా యని తెలిసికొనగోరువాడు కాలువ తల కడ నిలిచి చూడడు. అచ్చట నీరెప్పుడును నిండుగనే యుండును. అతడు కాలువ వెంబడి నడచి, చివరి మడి తడిసినదా యని చూచును. ఆ మడి రైతు మొగము చూచినప్పుడే పంపకములోని న్యాయాన్యాయములు బయటపడును. ఈ వార్షిక సంచికలో మేము ముచ్చటింపదలచినది నీటి కాలువను గుఱించి కాదు. ఇంటింటికి సమాచారమును మోసికొనివచ్చిన రాగి తీగను గుఱించియు, ఎక్స్‌ఛేంజిలో ఆ తీగల నన్నిటిని ఒక చోట చేర్చిన పెట్టెను గుఱించియు. అయినను న్యాయపు కొలబద్ద మాత్ర మొక్కటియే.

1876వ సంవత్సరమున అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందెను. అది మొదలు నూఱేండ్లకు పైగా ప్రపంచమందంతటను వీథుల క్రిందను స్తంభముల మీదను రాగి తీగలు పఱవబడినవి. ఒక్కొక్క యింటికి రెండేసి సన్నని తీగలు, ఒకదానితో నొకటి పెనవేసికొన్న జంట. మనుష్యుని మాటను మోయుటకు సెకనుకు 300 మొదలు 3400 వఱకు గల కంపనములు చాలును. ఆ జంట తీగ అంతకంటె వందల రెట్లు మోయగలదు. ఆ శక్తి యంతయు వాడుక లేక పడియుండెను. పెద్ద మేడ కట్టించుకొని, వంటయింటిని మాత్రము వాడుకొనుచు, తక్కిన గదుల కన్నిటికిని తాళములు వేసినట్లుండెను.

ఆ తాళములను తీసినవారిలో ఇద్దరిని ఇచ్చట స్మరింపవలెను. అమెరికాలోని బెల్‌కోర్ సంస్థలో పనిచేసిన జోసెఫ్ లెక్‌లైడర్, ఇంటికి వచ్చు ప్రవాహమును పెద్దదిగాను ఇంటినుండి పోవు ప్రవాహమును చిన్నదిగాను ఉంచినచో పొరుగు తీగల అల్లరి తగ్గునని చూపెను. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు జాన్ చియోఫీ, ఒకే ప్రవాహమునకు మాఱుగా వందలకొలది చిన్న ప్రవాహములను ప్రక్కప్రక్కన నడిపించు పద్ధతిని వృద్ధిచేసెను. ఇట్టి యూహల ఫలముగా 1999లో ఏ.డి.యస్.యల్. అను పేర అంతర్జాతీయ ప్రమాణము వెలసినది.

ఎక్స్‌ఛేంజిలో ఈ పనిని నడుపు పెట్టెకు డీస్లాము అని పేరు. మే మొకప్పుడు ఒక చిన్న యూరి ఎక్స్‌ఛేంజి గదిలో దానిని చూచి యుంటిమి. ఇనుప చట్రములో పుస్తకములవలె నిలువుగా దూర్చిన పలకలు. ఒక్కొక్క పలకకు 24 గాని 48 గాని ద్వారములు. ఒక్కొక్క ద్వారము ఒక్కొక్క యింటిది. ఇంటినుండి వచ్చిన జంట తీగ మొదట ఒక వడపోత గుండ పోవును. మాట యొక దారిని టెలిఫోను యంత్రమునకును, సమాచారము మఱొక దారిని డీస్లాము ద్వారమునకును చేరును. కావుననే ఇంటిలో ఒకరు ఫోనులో మాటలాడుచుండగా మఱొకరు అదే తీగపై పాఠము చదువుకొనగలిగిరి. ద్వారము లన్నిటినుండి వచ్చినదానిని ఆ పెట్టె యొకటిగా కూర్చి, ఒకే పెద్ద మార్గమున బయటి ప్రపంచమునకు పంపును. అచ్చటినుండి వచ్చినదానిని విడదీసి ఎవరి భాగము వారికి పంచును.

ద్వారమునకును ఇంటిలోని మోడెమునకును జరుగు తొలి సంభాషణ మిక్కిలి ముచ్చటైనది. తీగ యొక్క వెడల్పును 256 చిన్న స్వరములుగా విభజించి, ఒక్కొక్క స్వరమును పంపి అది యెంత స్పష్టముగా చేరినదో పరీక్షించుకొనును. బాగుగా వినబడిన స్వరముపై 15 బిట్ల వఱకు బరువు పెట్టును. ఒక మాదిరిగా వినబడినదానిపై రెండో మూడో పెట్టును. రొదలో మునిగినదానిని విడిచిపెట్టును. మంచి యుపాధ్యాయుడు తరగతిలోని పిల్లల నందఱిని ఒకే గాటకట్టక, ఎవరి శక్తికి తగిన పాఠము వారికి చెప్పినట్లే యిదియును.

మన దేశమున 2004లో బ్రాడ్‌బ్యాండు విధానము ప్రకటింపబడినది. సెకనుకు 256 కిలోబిట్ల వేగమునకే అప్పుడు ఆ గౌరవనామము దక్కినది. 2005 జనవరి 14వ తేదీన, సంక్రాంతి పండుగ దినములలో, భారత సంచార నిగమము వారు డేటావన్ అను పేర ఈ సేవను ఆరంభించిరి. క్రొత్త తీగ లాగనక్కరలేకుండ, వీథి త్రవ్వనక్కరలేకుండ, తాతలనాటి టెలిఫోను తీగపైననే విశ్వవిజ్ఞానము ఇల్లు చేరుట సామాన్యమైన మేలు కాదు. నాటి పథకములలో కొన్నిటికి రాత్రి రెండు గంటలు మొదలు ఉదయ మెనిమిది గంటల వఱకు లెక్క లేదు. ఆ వేళకై అలారము పెట్టుకొని లేచి పుస్తకములు దింపుకొన్న విద్యార్థులను మే మెఱుగుదుము. బ్రాడ్‌బ్యాండు అనుటకు తగిన కనీస వేగమును 2013లో 512 కిలోబిట్లకును, 2023లో రెండు మెగాబిట్లకును పెంచిరి.

ఇంతవఱకు మేము చెప్పినది కాలువ తల కడ మాట. ఇక చివరి మడికి పోవుదము.

రాగి తీగలో ప్రవాహము పోయిన కొలది క్షీణించును. కంపన మెంత హెచ్చైన అంత త్వరగా క్షీణించును. 2003 నాటి మెఱుగుపఱచిన ప్రమాణము ప్రకారము ఎక్స్‌ఛేంజికి కిలోమీటరు లోపలి యింటికి సుమారు 24 మెగాబిట్లు అందవచ్చును. ఐదు కిలోమీటర్ల దూరపు టింటికి ఒకటి రెండు మెగాబిట్లు దక్కుటయే గగనము. అంతకు మించిన దూరమున దీపము వెలిగి ఆఱుచుండుటయే గాని ప్రవాహము నిలువదు. అయినను ప్రకటనలలో “24 మెగాబిట్ల వఱకు” అని మాత్రమే వ్రాయుచుండిరి. ఆ “వఱకు” అను మూడక్షరముల మాట వెనుక ఎన్ని యిండ్లు మఱుగుపడినవో యెవరు లెక్కించిరి?

తరువాతి చరిత్రయు ఇట్లే నడచినది. 2006లో వచ్చిన వి.డి.యస్.యల్. రెండవ ప్రమాణము నూఱు మెగాబిట్ల నీయగలదు, గాని ఆ ఘనత కొన్ని వందల మీటర్లలోపలనే. 2014లో వచ్చిన జి.ఫాస్ట్ అనునది వేయి మెగాబిట్లను సమీపింపగలదు, గాని తీగ నూఱు మీటర్ల లోపలిదై యుండవలెను. వేగము పెరిగిన కొలది దూరము తగ్గినది. ప్రతి క్రొత్త విద్యయు దగ్గఱివానిని మఱింత ధనవంతుని చేసినదే గాని దూరపువానిని తలచుకొన్నది తక్కువ.

దీనికి ఇంజనీర్లు కనుగొన్న మందు సులభమైనది: ఇల్లు పెట్టెకు దగ్గఱ కాజాలదు గనుక పెట్టెనే యింటికి దగ్గఱ చేయుట. ఎక్స్‌ఛేంజినుండి గాజునార లాగి, వీథి మలుపున చిన్న డీస్లామును నిలిపి, చివరి కొంత దూరమునకు మాత్రము పాత రాగిని వాడిరి. ఆస్ట్రేలియా దేశపు కథ ఇందుకు నిదర్శనము. 2009లో అచ్చటి ప్రభుత్వము నూటికి 90 భవనములకు గాజునార వేయుదు మనెను. 2013 ఎన్నికల తరువాత వచ్చిన ప్రభుత్వము వ్యయమును తగ్గించుటకై, అనేక గృహములకు వీథి పెట్టె వఱకే నారను, అచ్చటినుండి రాగిని వాడ నిశ్చయించెను. 2020లో ఆ రాగి భాగమునే మరల గాజునారగా మార్చు ప్రణాళికను ప్రకటింపవలసి వచ్చినది. సగము దూరము పోయి ఆగినవాడు మిగిలిన దూరమును రెండవమాఱు నడువక తప్పదు.

దూరముతోపాటు పంపకమును గూడ గమనింపవలెను. ఒక పలకకు 48 ద్వారములుండి, ఒక్కొక్క యింటికి రెండు మెగాబిట్లని వాగ్దానము చేసితి మనుకొందము. మొత్తము 96. పెట్టెనుండి బయటికి పోవు మార్గము ఎనిమిది మెగాబిట్లదే యైనచో, అందఱును ఒకే మాఱు కూర్చున్న సాయంకాలమున ఒక్కొక్కరికి దక్కునది మెగాబిట్టులో ఆఱవ వంతు. లోపము తీగది కాదు, మోడెముది కాదు. పెట్టె వెనుకనున్న ఇఱుకు దారిది. ఇల్లు గలవా డది యెఱుగక మోడెమును కొట్టి, తీగను కదిపి విసిగిపోవును.

పొరుగు తీగల మాటయు నున్నది. ఒకే కట్టలో పోవు జంటలు ఒకదాని మాట నొకటి ఆలకించుచు, ఒకదానికొకటి రొదయగును. 2010లో వచ్చిన వెక్టరింగు పద్ధతిలో ఆ పెట్టె ద్వారము లన్నిటిని కలిపి గణించి, ఎవరి రొద యెవరికి ఎంత తగులునో ముందుగనే తెలిసికొని, దానికి విరుగుడును పంపును. అయితే కట్టలోని తీగ లన్నియు ఒకే యేలుబడిలో నున్నప్పుడే యిది చక్కగా నెఱవేఱును. పొరుగువాని మేలు తన మేలని తీగలకు నేర్పిన మనుష్యుడు తాను దానిని నేర్వకుండుట వింతగా నున్నది.

“రాగి కాలము తీఱినది, ఇక గాజునారయే, పాత పెట్టెలను గుఱించి ఈ చర్చ యెందుకు?” అని కొందఱు మిత్రులు మమ్మడుగవచ్చును. గాజునార యుత్తమమని మేమును ఒప్పుకొందుము. దానికి త్రుప్పు లేదు; పిడుగు భయము తక్కువ; ఇరువది కిలోమీటర్ల దాక మొదటి యింటికిని చివరి యింటికిని వేగములో భేదము కానరాదు. అచ్చటను ఒక పోగును 32 గాని 64 గాని యిండ్లు పంచుకొనుననుట నిజమే, కాని పంచుకొనుటకు మిక్కుటముగా నుండును. మా ప్రశ్న అది కాదు. చివరి యింటికి ఆ నార యెప్పుడు చేరును? అది చేరకమునుపే పాత తీగను తీసివేసినచో ఆ యింటివారు నడుమ నేమి చేయవలెను?

2020లో పాఠశాలలు మూతపడి చదువు యావత్తును తెరపైకి చేరినప్పుడు మా యెఱుకలోని ఒక బాలుడు ఎక్స్‌ఛేంజికి ఐదు కిలోమీటర్ల దూరమున నుండెను. ఉపాధ్యాయుని మొగము కదలక నిలిచిపోవును. మాట తునకలు తునకలుగా వచ్చును. ఎక్స్‌ఛేంజి ప్రక్క వీథిలోని యతని సహాధ్యాయికి పాఠము పూర్తిగా నందెను. ఇద్దఱును అదే రుసుము కట్టిరి; ఒకే పరీక్షకు చదివిరి.

మఱొక విషయము. పాత టెలిఫోనుకు ఇంటి కరెంటు అక్కరలేదు. ఎక్స్‌ఛేంజిలోని 48 వోల్టుల బ్యాటరీలే ఆ తీగ గుండ దానికి ప్రాణ మిచ్చుచుండెను. మోడెమునకు కరెంటు కావలసియున్నను, మాట మాత్రము చీకటిలోను నిలిచెడిది. గాజునార కరెంటును మోయదు. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై బడినప్పుడు విద్యుత్తును, సెల్‌ఫోనులును దినముల తరబడి లేకపోయిన సంగతి మన తీరవాసు లెవ్వరును మఱవలేదు. క్రొత్తదానిని తెచ్చువారు పాతదానిలోని ఈ గుణమునకు ప్రత్యామ్నాయము చూపవలదా?

కావున మా యభిప్రాయము మూడు మాటలలో చెప్పెదము. మొదటిది, సేవ నిచ్చువారు “వఱకు” అను మాటను విడిచి, ఆ యా యింటికి నిజముగా నందు కనీస వేగమును బిల్లుపై వ్రాయవలెను. రెండవది, చివరి యింటికి క్రొత్త మార్గము చేరి, పనిచేయుచున్నదని తేలినపిదపనే పాత తీగను తీయవలెను. మూడవది, ఆ క్రొత్త మార్గమునకు కరెంటు పోయినను కొన్ని గంటలు నిలుచు బ్యాటరీ నొసగవలెను.

సోదర విద్యార్థులారా! మీ వంతు పని యొకటి గలదు. ఒక నోటుపుస్తకము తీసికొని, ఉదయము, సాయంకాలము, రాత్రి మీ యింటికి అందుచున్న వేగమును ఒక నెల దినములు వ్రాయుడు. ఊరి చివరనున్న మిత్రుని చేతను వ్రాయింపుడు. రెండు పుస్తకములను ప్రక్కప్రక్కన పెట్టి, పంచాయతీ వారి యెదుట నుంచుడు. కోపముతో చెప్పిన పది మాటలకంటె ఓపికతో వ్రాసిన ఒక పట్టిక బలమైనది.

రాగి తీగ దూరపువానికి చేసిన అన్యాయము ప్రకృతి నియమము వలన గలిగినది. దానికి మనుష్యుని పూర్తిగా నిందింపలేము. గాజునారకు ఆ దోషము లేదు. ఇక మీదట చివరి యిల్లు వెనుకబడినచో ఆ తప్పు తీగది కాదు, దూరముది కాదు, అచ్చముగా మనది.